మా శాఖ వేడి

మా గుండ్రాళ్ళపాడు ఎండ గురించి కొత్తవాళ్ళకు చెప్పి నమ్మించడం కష్టం. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని లోకమంతా అంటుంది. మా ఊళ్ళో అవి చైత్రంలోనే పగిలి కూర్చుంటాయి, రోహిణి వచ్చేసరికి పగలడానికి ఏమీ మిగలదు. ఊరి చుట్టూ సున్నపురాయి క్వారీలు. ఆ తెల్లరాయి పగలంతా ఎండను తాగి, పొద్దుగూకాక తీరిగ్గా మా మీదకు వదులుతుంది. నేను ఇక్కడి పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ని. ఎండాకాలంలో గేదెకు బురదగుంట కావాలని మా శాఖ ఏనాడో ఒప్పుకుంది. మనుషుల సంగతి చూడటానికి వేరే శాఖ ఉంది. దాన్ని ఆదర్శ గృహ శాఖ అంటారు.

ఆ శాఖ పెద్దలు కొందరు రెండేళ్ళ కిందట ఒక చలిదేశానికి అధ్యయన యాత్ర వెళ్ళివచ్చారు. వెళ్ళింది మాఘమాసం. అక్కడ మోకాలిలోతు మంచు. ఏ ఇంట్లో చూసినా గోడకు ఇనుప పలకలు, వాటిలో వేడినీళ్ళు తిరుగుతున్నాయి. జనం ఎర్రగా ఆరోగ్యంగా ఉన్నారు. వీధులు శుభ్రంగా ఉన్నాయి. బస్సులు వేళకు వస్తున్నాయి. ఒక్క ఇంట్లోనూ సీలింగు ఫ్యాను లేదు. ఇంత సాక్ష్యం కళ్ళముందుండగా పెద్దలు ఇక ఆలోచించి కాలం వృథా చెయ్యలేదు. తిరిగిరాగానే ప్రపంచ స్థాయి గృహ పథకం ప్రకటించారు. దాని ప్రకారం ప్రభుత్వ క్వార్టర్లన్నిటిలో సెంట్రల్ హీటింగు ఉండితీరాలి. ఫ్యాను ఉండకూడదు.

మొదటి కాలనీ ఎక్కడ కట్టాలన్న చర్చ వచ్చినప్పుడు, క్వారీ పక్క బంజరు ఊరికే పడి ఉంది గనక మా ఊరికి ఆ అదృష్టం పట్టింది.

క్వార్టరు నాకు ఇచ్చారని తెలిసిన రోజు మా ఆవిడ అరుంధతి పరమాన్నం వండింది. అప్పటికి మా పాప చిన్ని బోర్లాపడటం నేర్చుకుంటోంది. మేముంటున్న అద్దెగది రేకుల కప్పు. వేసవిలో ఆ రేకుల కింద పసిపిల్లను ఉంచడం ఎలాగా అని ఆవిడ మాఘం నుంచీ బెంగపడుతోంది. అందుకని మూటాముల్లె సర్దుకుని, పాలు పొంగించి, కొత్తింట్లో చేరాం. పాలు పొయ్యిమీద పెట్టకముందే సగం పొంగాయేమోనని నాకు ఇప్పటికీ అనుమానం.

ఇల్లు ముచ్చటగానే ఉంది. మందం గోడలు. కిటికీలకు రెండేసి అద్దాలు, అవి తెరుచుకోవు. తలుపుకు స్ప్రింగు, తీసిన మరుక్షణం దానంతటదే మూసుకుంటుంది. గదికో రేడియేటరు. మాది వరుసలో మొదటి ఇల్లు, బాయిలరు షెడ్డుకు ఆనుకుని ఉంటుంది. అందువల్ల కాలనీ మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క థర్మోస్టాటును మా ముందుగది గోడకే బిగించారు. తెల్లటి చిన్న డబ్బా, మీద ఒక చక్రం. అరుంధతి దానికి పసుపు బొట్టు పెట్టింది.

తర్వాత తలెత్తి చూసింది. పైకప్పుకు ఫ్యాను కొక్కెం లేదు.

"ఏమండీ, ఉయ్యాల పైన ఫ్యాను వెయ్యాలిగా. కొక్కెమేదీ?" అంది.

నేను నాలుగు గదులూ తిరిగొచ్చాను. ఎక్కడా లేదు. పక్కింటి కోటిలింగాన్ని అడిగాను. ఆయన ఆర్టీసీ కండక్టరు.

"ఎందుకు ఉంటదండీ కాంపౌండరు గారూ," అన్నాడు ఆయన. "పైకప్పుకు చిల్లి పెడితే వెచ్చదనం కారిపోద్దంట. నేను టేబులు ఫ్యాను తెచ్చుకున్నా. శాఖోళ్ళొచ్చి నిన్ననే పట్టకపోయారు. మంచాలేసుకుని ఆరుబయట పడుకుందామంటే, ఇల్లు వాడకంలో లేదని రాసుకుంటామన్నారు. డాబా ఎక్కుదామంటే అక్కడేదో ట్యాంకు ఉందని తాళం."

"మరి ఖాళీ చేసి పోతే?"

"ప్రపంచ స్థాయికి తగడు అని సర్వీసు పుస్తకంలో రాత్తారంట. అది పడ్డాక ఇంక పెమోషన్ ఎవుడిత్తాడు?"

*

వారం తిరక్కుండా శాఖవారు కాలనీవాసులకు శిక్షణ తరగతి పెట్టారు. కుటుంబసమేతంగా రావాలన్నారు. సెంట్రల్ హీటింగు పదాలూ పరికరాలూ తెలిసినవాళ్ళే ఆ ఇళ్ళలో ఉండటానికి అర్హులట.

పాఠం చెప్పడానికి ఉష్ణ సౌఖ్య అధికారి దక్షిణామూర్తి గారు వచ్చారు. ఆయన కూడా ఆ యాత్రకు వెళ్ళివచ్చినవారే. అక్కడ కొన్న ఉన్నికోటు తొడుక్కుని ఉన్నారు. మెడకు మఫ్లరు. చెమట కణతల మీదుగా దిగి మఫ్లరులోకి ఇంకిపోతోంది. ఎవరో జాలిపడి కోటు విప్పుకోమన్నారు.

"శాఖాపరమైన దుస్తులు విప్పుటకు నాకు అధికారం లేదు," అన్నారాయన. తర్వాత గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"బాయిలర్ అనగా వ్యవస్థకు హృదయము. నీరు అందులో కాగును. పంపు అనగా ఆ నీటిని గొట్టముల గుండా గృహగృహమునకు నెట్టునది. రేడియేటర్ అనగా ఆ నీటిలోని ఉష్ణ సౌఖ్యమును గదికి సమర్పించునది. సమర్పించి చల్లబడిన నీరు తిరిగి బాయిలర్‌ను చేరును. ఇదియే చక్రము."

"సార్," అని కోటిలింగం లేచాడు. "డాబా మీద ట్యాంకు ఎందుకండీ?"

"అది ఎక్స్‌పాన్షన్ ట్యాంకు. వేడికి నీరు వ్యాకోచించును. అట్లు ఉబ్బిన నీటికి చోటు ఇచ్చునది."

"మాకూ ఒకటి ఇప్పించండి సార్. మేమూ ఉబ్బిపోతన్నాం. ఉక్కపోత చంపేత్తంది."

దక్షిణామూర్తి గారి ముఖం గంభీరమైంది. "ఉక్క అను పదము మా శాఖ పదకోశమున లేదు. తక్కువ సౌఖ్యము, తగు సౌఖ్యము, అధిక సౌఖ్యము అని మూడు స్థితులు మాత్రమే ఉన్నవి. దయచేసి సాంకేతిక భాషలో మాట్లాడుడు."

కోటిలింగం సాంకేతిక భాషలో కూర్చున్నాడు.

దక్షిణామూర్తి గారి పాఠం థర్మోస్టాటు దగ్గరికి వచ్చింది. ఇది వ్యవస్థకు మెదడట. గది ఇరవైరెండు డిగ్రీలకు దిగితే టక్కుమని బాయిలర్‌ను పిలుస్తుంది. గది వెచ్చబడితే మళ్ళీ టక్కుమని చాలిస్తుంది.

"దిగకపోతేనండీ?" అన్నాను నేను.

"దిగును."

"ఎప్పుడండీ?"

"నమూనా ప్రకారం దిగును." ఈ మాట చెప్పి, చాలా ముఖ్యమైన సంగతి ఉందన్నట్టు వేలెత్తారు. "రేడియేటర్ పాదము వద్ద వాల్వ్ ఉండును. దానిని కుడికి త్రిప్పిన యెడల వేడినీరు లోనికి రాదు. అయితే థర్మోస్టాటు ఉన్న ఇంట ఈ వాల్వులను ఎన్నడూ మూయరాదు. మూసిన, ఆ ఇల్లు వెచ్చబడదు. అది వెచ్చబడనంత కాలము థర్మోస్టాటు చాలించదు. బాయిలర్ ఆగదు. మిగతా కాలనీ గతి ఏమగునో ఊహించుకొనుడు."

అందరూ ఊహించుకోలేక ఊరుకున్నారు. అరుంధతి మాత్రం పాపను ఒళ్ళో ఊపుతూ కళ్ళార్పకుండా వింది. ఆవిడ ఒకసారి విన్నది మరిచిపోదు. పెళ్ళినాడు మా మేనత్త అన్న మాటను ఇప్పటికీ స్వరంతో సహా అప్పజెబుతుంది.

చివరి పాఠం గాలి గురించి. వ్యవస్థలో గాలి ఉండకూడదట. రేడియేటర్లో గాలి చేరితే పైభాగం చల్లగా ఉండిపోతుంది. అప్పుడు పక్కనున్న చిన్న మరను తాళంచెవితో తిప్పి గాలిని బయటికి పంపాలి. ఇల్లు కూడా వ్యవస్థలో భాగమే గనక ఇంట్లోనూ గాలి ఉండకూడదని శాఖవారు నిశ్చయించారట. కిటికీలు తెరుచుకోకపోవడానికి, ఫ్యాను నిషేధానికి అదే శాస్త్రీయమైన కారణమని ఆయన సెలవిచ్చారు.

మౌఖిక పరీక్షలో కోటిలింగాన్ని పంపు అనగానేమి అని అడిగారు. "కండక్టరండీ. నీళ్ళను ముందుకు జరగండి ముందుకు జరగండి అంటది," అన్నాడు. బొటాబొటి మార్కులతో గట్టెక్కాడు. అరుంధతి అన్నిటికీ తడుముకోకుండా చెప్పి మొదటి స్థానంలో వచ్చింది. బహుమతిగా రేడియేటరు గాలి తీసే తాళంచెవి ఇచ్చారు. ఆవిడ దాన్ని మంగళసూత్రాల పక్కన పిన్నీసుకు తగిలించుకుంది.

*

వైశాఖం వచ్చింది. చిన్నికి చెమటకాయలు పేలాయి. మెడమీద, వీపుమీద, చేతుల మడతల్లో ఎర్రగా, వేలు ఆనిస్తే చాలు కేరుమనేది. పాలు తాగలేక తాగలేక సొమ్మసిల్లి, పట్టుమని పది నిమిషాలు పడుకోకుండా మళ్ళీ లేచి ఏడిచేది. మేం వంతులవారీగా తువాలుతో విసిరేవాళ్ళం. ఆ తువాలుతో గది వేడిని ఒక మూలనుంచి ఇంకో మూలకు మార్చడమే తప్ప జరిగేదేమీ లేదు. నేను పశువుల వైద్యం చూసేవాణ్ణి. నోరులేని జీవం బాధ నాకు కొత్తకాదు. అయినా మా చిన్ని ఏడిస్తే నాకు తెలిసిన వైద్యం ఒక్కటీ గుర్తొచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేసరికి అరుంధతి నేలమీద కూర్చుని ఉంది. పాపను రేడియేటరు పక్కన పట్టుకుని, తాళంచెవితో ఆ చిన్న మరను తిప్పుతోంది. బుస్సుమని సన్నగా గాలి వచ్చింది. గొట్టాల్లో ఎన్నాళ్ళనుంచో ఉన్న తుప్పు వాసన గాలి. పాప ఏడుపు ఆపి, ఆ గాలికి నోరు తెరిచి నవ్వింది. ఆ ఇంట్లో మా బిడ్డకు తగిలిన మొదటి గాలి అదే. రెండు గుక్కలు వచ్చి ఆగిపోయింది. తర్వాత నల్లటి నీటిచుక్క పడింది. పాప మళ్ళీ ఏడుపు అందుకుంది.

"నాలుగు గదుల్లోదీ అయిపోయిందండీ," అంది అరుంధతి. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి నాకు పౌరుషం వచ్చింది. వెళ్ళి దక్షిణామూర్తి గారి ముందు నిలబడ్డాను.

ఫ్యాను ఇప్పించమన్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి, ఎంతో ఓర్పుగా నియమం వివరించారు. ఫ్యాను ఇవ్వడానికి పూర్తిగా నిషేధమేమీ లేదట. వ్యవస్థ పనిచేసి, దానివల్ల గృహంలో అధిక సౌఖ్యం ఏర్పడినట్టు రుజువైతే, ఉపశమన పరికరం మంజూరు చెయ్యవచ్చట.

"అయితే ఇంకేమండీ! మా ఇంట్లో నలభైరెండు ఉంది," అన్నాను.

"ఉండవచ్చును. అది వాతావరణ శాఖ వేడి. మా శాఖ వేడి కాదు."

"వేడి వేడే కదండీ?"

"కాదు. మీ ఇంటికి మా శాఖ ఇంతవరకు ఒక్క డిగ్రీ కూడా సరఫరా చేయలేదు. కావున మా దృష్టిలో మీ ఇల్లు ఇంకనూ వెచ్చబడలేదు. వెచ్చబడని ఇంటికి ఫ్యాను ఇచ్చిన యెడల, పసిబిడ్డను చలిలో ఉంచి పైనుంచి విసిరినట్లగును. ఆ పాపము మేము మూటకట్టుకొనలేము."

"మరి మీ శాఖ వేడి ఎప్పుడొస్తుందండీ?"

"గది ఇరవైరెండుకు దిగిన వెంటనే."

నేను ఇంటికొచ్చి ఈ మాట చెప్పాను. అరుంధతి పాప వీపుమీది చెమట తుడిచింది. తర్వాత, "అంటే ఇల్లు చల్లబడితే గానీ వేడి చెయ్యరు. వేడి చేస్తే గానీ చల్లగాలి ఇవ్వరు. అంతేగా?" అంది.

"అంతే."

"సరే. చల్లబరుద్దాం."

*

ఆ పని మాకంటే ముందు శాఖవారికే అవసరమైంది. కమిషనరుగారు కాలనీని చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. అంతా కట్టాక బాయిలరు ఒక్కసారి కూడా వెలగలేదన్న సంగతి ఆయనకింకా తెలియదు. దక్షిణామూర్తి గారు కోటులోపల వణికారు. కాలనీ కట్టాక చలి ఎరిగిన మొదటి మనిషి ఆయనే.

మా ఇంటికొచ్చి థర్మోస్టాటు ముందు నిలబడి ఆలోచించారు.

"ఆ డబ్బామీద తడిగుడ్డ వేస్తే సరిపోతుందిగా సార్," అంది అరుంధతి.

"పరికరమును మోసగించరాదమ్మా. అది ప్రభుత్వ పరికరము. గదినే నిజాయితీగా చల్లబరచవలెను."

అలా నిజాయితీగా ఐసు తెప్పించారు. చేపల మార్కెట్టుకు ఐసు సరఫరా చేసే మస్తాను, కమిషనరుగారు వచ్చే రోజు తెల్లవారుతూనే లారీతో వచ్చాడు. పొట్టు కప్పిన దిమ్మలు దించి నాలుగు గదుల్లోనూ గోడల వెంబడి పేర్చాడు. నా మంచం కింద కూడా రెండు పెట్టాడు. ఇల్లంతా బొచ్చెచేప వాసన.

"ఏంది సార్ ఈ కత?" అని మస్తాను నన్ను చెవిలో అడిగాడు. "ఇంట్లో ఎవురన్నా పోయినారా?"

"లేదయ్యా, హీటరు వెలిగించాలి."

మస్తాను నా వంక జాలిగా చూసి, ఊరికే ఇంకో దిమ్మ వేసిపోయాడు.

మందం గోడలూ రెండద్దాల కిటికీలూ వేడిని లోపల ఆపడానికి కట్టినవి. చల్లదనాన్ని కూడా అవి అంతే భక్తిగా ఆపాయి. పొద్దెక్కుతున్నకొద్దీ గది దిగుతూ వచ్చింది. నలభై, ముప్ఫైఅయిదు, ముప్ఫై. అరుంధతి పాపను ఉయ్యాల్లో వేసింది. చిన్ని ఏడవలేదు. చేతులు చాపి గాలిని పట్టుకోబోయింది. ఆవులించింది. తర్వాత బొటనవేలు నోట్లో పెట్టుకుని, కొన్ని వారాలుగా బాకీపడ్డ నిద్రంతా ఒక్కసారి ముంచుకొచ్చినట్టు పడుకుంది. మా ఇద్దరికీ ఏడుపొచ్చింది, ఏడిస్తే లేస్తుందని ఊరుకున్నాం.

వీధిలో కారు హారను వినిపించింది. అదే సమయంలో గోడమీద డబ్బా టక్కుమంది.

షెడ్డులో బాయిలరు గుప్పుమంది. పంపు గురగురలాడింది. గొట్టాలు టిక్కు టిక్కుమని కీళ్ళు విరుచుకున్నాయి. మా ముందుగది రేడియేటరు మీద చెయ్యి వేశాను. గోరువెచ్చగా తగిలింది. దాని పక్కనున్న ఐసు దిమ్మ అంచున నీరు కారడం మొదలైంది.

అరుంధతి ఉయ్యాల వంక చూసింది. రేడియేటరు వంక చూసింది. వంగి, పాదం దగ్గరున్న వాల్వును కుడికి తిప్పింది. రెండో గదిలోకి వెళ్ళింది, తిప్పింది. మూడు, నాలుగు గదుల్లోవీ తిప్పి వచ్చి ఉయ్యాల పక్కన కూర్చుంది.

నేను గుసగుసగా అన్నాను, "థర్మోస్టాటు ఉన్న ఇంట్లో మూయకూడదన్నారు కదే. ఇల్లు వెచ్చబడకపోతే బాయిలరు ఆగదు."

"తెలుసు," అంది. "మొదటి మార్కు నాకే వచ్చింది. పాప పడుకుంది. లేపమంటారా?"

నేను లేపమనలేదు.

*

బయట ఏం జరిగిందో నేను వాకిట్లో నిలబడి చూశాను. ఐసు లేని ఇళ్ళలోకి శాఖ వేడి పూర్తి బలంతో ప్రవేశించింది. అప్పటికే వాతావరణ శాఖ వేడి అక్కడ నిండుగా ఉంది. రెండు శాఖలూ కలిసి పనిచేయడం మా ఊళ్ళో అదే మొదటిసారి. ముందు కోటిలింగం భార్య నాగరత్నమ్మ, "ఓరి నాయనో, గోడ కాలతందిరో!" అంటూ బయటికొచ్చింది. ఆవిడ వెనక కోటిలింగం, బనీను చేతపట్టుకుని. తర్వాత వరుసలోని తలుపులన్నీ తెరుచుకున్నాయి. పిల్లా పెద్దా వీధిలోకి ఉరికి, నడినెత్తిన ఎండలో నిలబడి, అమ్మయ్య అన్నారు.

కమిషనరుగారు కారు దిగి ఈ దృశ్యం చూశారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఇంత ఎండలో మనకు స్వాగతం పలుకుటకు ఇంటిల్లిపాదీ బయటికి వచ్చినారు చూచితిరా, దక్షిణామూర్తీ!"

"ప్రజలు కృతజ్ఞులు సార్," అన్నారు దక్షిణామూర్తి గారు.

కమిషనరుగారు కోటిలింగం ఇంట్లోకి అడుగుపెట్టారు. రేడియేటరు మీద అరచెయ్యి వేసి, వెంటనే తీసేసి, ఊదుకుంటూ, "అద్భుతము," అన్నారు. స్ప్రింగు తలుపు వెనకనుంచి మూసుకుంది. కాసేపు లోపలినుంచి ఉపన్యాసం వినిపించింది. తర్వాత వినిపించలేదు. కోటిలింగం తలుపు తీసి చూస్తే ఆయన గోడకు చేరగిలబడి, "అధిక సౌఖ్యము... అధిక సౌఖ్యము..." అంటున్నారు. ఇద్దరు మోసుకొచ్చి కారులో వేశారు.

"బాయిలరు ఆపండి సార్!" అని వీధంతా అరిచింది.

"థర్మోస్టాటు చాలించవలెనే గాని చేతితో ఆపరాదు," అని దక్షిణామూర్తి గారు మా ఇంటికి పరుగెత్తుకొచ్చారు. తలుపు తీసి లోపలికి ఒక అడుగు వేశారు. చల్లగాలి ముఖాన కొట్టింది. ఆయన అక్కడే ఆగిపోయారు. ఎందుకొచ్చారో మరిచిపోయినట్టు కళ్ళు మూసుకుని చాలాసేపు అలాగే నిలబడ్డారు. అరుంధతి పెదవులమీద వేలు పెట్టి ఉయ్యాల చూపించింది. ఆయన తలూపి, ఒక మూల ఐసు దిమ్మ పక్కన చప్పుడు కాకుండా కూర్చున్నారు.

సాయంత్రానికి దిమ్మలన్నీ కరిగి గది వేడెక్కాక డబ్బా టక్కుమంది. చిన్ని అప్పుడు లేచింది.

*

ఆ ప్రదర్శన ఘనవిజయమని శాఖ తేల్చింది. వేసవి నడిబొడ్డులో కూడా వేడి చేయగలిగిన కాలనీ ప్రపంచంలో ఇంకెక్కడా లేదట. అది నిజమేనని నా నమ్మకం. కాలనీ ఇళ్ళలో అధిక సౌఖ్యం సాక్షాత్తూ కమిషనరుగారి దేహం మీదనే రుజువైంది గనక ఉపశమన పరికరాలు మంజూరయ్యాయి. పైకప్పుకు చిల్లి పెట్టకూడదు, గోడకు తీగ తగిలించకూడదు. ఆ రెండు షరతులకూ లోబడిన ఫ్యాను కోసం శాఖ వెతికి వెతికి ఒకటి కనిపెట్టింది. జీపులో తెచ్చి ఇంటింటికీ సంతకం పెట్టించుకుని ఇచ్చారు.

తాటాకు విసనకర్ర. పిడిమీద ఎర్ర రంగుతో శాఖ ముద్ర, నంబరు.

మా ఇంటి ముందు జీపు ఆగలేదు. నేను వెంటబడి అడిగితే దక్షిణామూర్తి గారు తలవంచుకుని చెప్పారు. బాయిలరు పగలంతా మండినా కాలనీలో వెచ్చబడని ఇల్లు మాదొక్కటే. మిగతా అన్ని ఇళ్ళకూ అధిక సౌఖ్యం, మాకు తక్కువ సౌఖ్యం. పసిబిడ్డ ఉన్న ఇల్లు ఇలా చలికి వణకడం చూసి కమిషనరుగారు ఆసుపత్రి మంచం మీదనే చలించిపోయారట. ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చారట.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆ ఉత్తర్వు ఇద్దరు మనుషుల భుజాలమీద వచ్చింది. కొత్త రేడియేటరు. ఉయ్యాల పక్క గోడకే బిగించారు. దక్షిణామూర్తి గారు దగ్గరుండి నీళ్ళు నింపించి, మనుషుల్ని పంపేసి, తలుపు మూసుకుపోయాక ఆయాసంగా నేలమీద చతికిలబడ్డారు. కోటు, మఫ్లరు అలాగే ఉన్నాయి. ముఖం జేగురురంగులోకి తిరిగింది.

చిన్ని ఏడుపు అందుకుంది. అంతలో నాగరత్నమ్మ తలుపు తోసుకుని వచ్చింది. చెంగుకింద నుంచి ఎర్ర నంబరు ఉన్న విసనకర్ర తీసి అరుంధతి చేతికిచ్చింది.

"ఇంద అమ్మాయ్, పిల్లకి ఇసురు. మాకెందుకు, మేం పెద్దోళ్ళం, ఎట్టాగో పడతాం." అప్పుడు దక్షిణామూర్తి గారిని చూసింది. "శాఖ ఆస్తి పొరుగింటికి ఇయ్యకూడదంటారేమో ఈ బాబు. అంటే అననీ." అనేసి వెళ్ళిపోయింది.

ఆయనకు అనే ఓపిక లేదు.

అరుంధతి ఉయ్యాల పక్కన కూర్చుని విసరసాగింది. తాటాకు గాలి సన్నగా, ఒక లయలో వచ్చింది. చిన్ని ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. దక్షిణామూర్తి గారు కూర్చున్నచోటు నుంచి జానెడు ఇటు జరిగారు. ఇంకో జానెడు జరిగారు. గాలి అంచు తగిలేచోట ఆగి, "అమ్మా, కొంచెము ఇటు కూడా..." అన్నారు.

"అయ్యో, మీకెందుకు సార్! మాది చలి ఇల్లు కదా. జలుబు చేస్తుంది," అంది అరుంధతి. విసనకర్రను ఉయ్యాల వైపు ఇంకాస్త తిప్పింది.

"స్వల్పముగా అధిక సౌఖ్యముగా ఉన్నదమ్మా."

ఆవిడ విసరడం ఆపలేదు. ఆయన వైపు తిప్పనూ లేదు.

"మిక్కిలి అధిక సౌఖ్యము."

"అవునా సార్? అయితే హాయిగానే ఉంటుందే."

ఆయన మఫ్లరు లాగి పడేశారు. కోటు బొత్తాలు ఊడదీశారు. అవి విప్పే అధికారం ఎవరిచ్చారో నేను అడగలేదు. చిన్నపిల్లాడిలా అన్నారు, "ఉక్కమ్మా! ఉక్క! చచ్చిపోతున్నాను తల్లీ, ఉడికిపోతున్నాను! ఆ దేశం నుంచి వచ్చినప్పట్నించీ ఉడుకుతూనే ఉన్నాను!"

అరుంధతి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఉయ్యాలకూ ఆయనకూ మధ్యకు కాస్త జరిగి కూర్చుని, ఇద్దరికీ తగిలేలా పెద్దగా విసిరింది. నేను లోపలికెళ్ళి కుండలో నీళ్ళు ముంచి తెచ్చి ఇచ్చాను. ఆయన తాగి, చెంబు నాకిస్తూ, "ఈ మాట శాఖకు తెలియనీయకండి," అన్నారు.

"ఏ మాట సార్?"

"నేను అన్న మాట."

"మీ పదకోశంలో అలాంటి మాట లేదుగా సార్," అన్నాను.

ఆయన తృప్తిగా తలూపి వెనక్కి వాలారు. వెనక కొత్త రేడియేటరు ఉంది. అప్పుడే నింపిన బావినీళ్ళకు చల్లబడ్డ ఇనుము. వీపు దానికి ఆనగానే ఆయన ఒళ్ళు జలదరించి, ముఖంలో ఏదో వెలుగు వచ్చింది. చొక్కా పైకి లాగి వట్టివీపు ఆనించారు. చెంప కూడా ఆనించారు. నేను ఉయ్యాల్లోంచి చిన్నిని ఎత్తుకుని, ఆయనకు రెండో పక్కన పాప వీపు మెల్లగా ఆ ఇనుముకు తాకించాను. చెమటకాయలకు చల్లన తగిలి అది కళ్ళు సగం మూసింది.

అరుంధతి విసురుతూనే ఉంది. కాసేపటికి ఇద్దరూ నిద్రపోయారు. ఆ రేడియేటరు మా ఇంట్లో పనికొచ్చింది ఆ మధ్యాహ్నమే.